టెర్రా ఎందుకు రానంది

కుర్ర సూపర్‌హీరోల టీమ్ కథ టీన్ టైటన్స్ కార్టూన్ మొత్తం చూసి చివరి ఎపిసోడ్‌ని తిట్టుకోనివాళ్లు తక్కువ. మా చెల్లయితే దాని పేరెత్తితే చాలు, "అదొక ముగింపా అక్కా!" అని ఇప్పటికీ విరుచుకుపడుతుంది. దాని కోపంలో న్యాయం ఉంది. ఏది తాకితే దానిలా మారిపోయే తెల్లటి రాక్షసి ఒకటి ఊరి మీద పడుతుంది. టీమ్‌లోని రాబిన్, స్టార్‌ఫైర్, సైబోర్గ్, రేవెన్ దానితో తలపడుతుంటే, ఐదోవాడు బీస్ట్ బాయ్ మాత్రం స్కూల్ యూనిఫామ్‌లో ఉన్న ఒక అమ్మాయి వెంట తిరుగుతుంటాడు. ఆ రాక్షసి ఎక్కణ్నుంచి వచ్చిందో చెప్పరు. ఆ అమ్మాయి ఒకప్పుడు వాళ్ల టీమ్‌లో ఉన్న టెర్రాయేనా అన్నదీ తేల్చరు. 65 ఎపిసోడ్ల సిరీస్ 2006 జనవరిలో అలాగే ఆగిపోయింది.

నాకు మాత్రం మొత్తంలో బాగా నచ్చింది అదే. ఎందుకంటే నేను టెర్రాని కామిక్స్‌లో కూడా చదివాను.

1964లో కామిక్స్‌లో ఈ టీమ్ మొదలైనప్పుడు రాబిన్, కిడ్ ఫ్లాష్, ఆక్వాలాడ్ ముగ్గురే. పెద్ద హీరోల పక్కన ఉండే కుర్రాళ్లు, అంతే. 1980లో మార్వ్ వోల్ఫ్‌మన్, జార్జ్ పెరెజ్ చేతిలో పడ్డాక దాని దశ తిరిగింది. రేవెన్, స్టార్‌ఫైర్, సైబోర్గ్ అప్పుడు పుట్టినవాళ్లే. 1982లో వాళ్లు టెర్రాని తెచ్చారు. నోటి దురుసు, మట్టినీ రాళ్లనీ ఆడించే శక్తి, ఒక దిక్కులేని పిల్ల. ఇలాంటి పిల్ల టీమ్‌లో చేరితే మెల్లగా దారిలో పడుతుందని చదివేవాళ్లకి అలవాటైన లెక్క. కానీ రచయితలు మొదటి రోజు నుంచే ఆమెని ద్రోహి అనుకుని రాశారు. టీమ్‌కి బద్ధ శత్రువైన స్లేడ్ పంపిన గూఢచారి ఆమె. 1984లో గుట్టు బయటపడింది. చివరికి తను లేపిన రాళ్ల కిందే పడి చచ్చిపోయింది. రాబిన్‌గా ఉన్న డిక్ గ్రేసన్, నైట్‌వింగ్ అనే కొత్త పేరు పెట్టుకుంది కూడా ఆ కథలోనే.

షాక్‌గా చూస్తే అద్భుతం. పెరెజ్ గీసిన ముఖాల కోసమైనా చదవాలి. కానీ చివర్లో కథకుడి మాట ఒకటుంది: ఈ పిల్లకి పదహారేళ్లు దాటి ఎంతో కాలేదు, పిచ్చిది, ఆ పిచ్చికి కారణం ఆమె తప్ప ఇంకెవరూ కాదు అని. అక్కడ నాకు ఒళ్లు మండింది. పక్కనే ఆమెని వాడుకున్న నడివయసు మనిషి స్లేడ్ ఉన్నాడు కదా! నింద మాత్రం మొత్తం పిల్ల నెత్తిన.

కార్టూన్ వాళ్లు రెండో సీజన్‌లో ఇదే కథని వేరేలా అల్లారు. ఇక్కడి టెర్రాకి తన శక్తి అదుపులో ఉండదు. ఆ సంగతి ఎవరికీ చెప్పొద్దని బీస్ట్ బాయ్ దగ్గర మాట తీసుకుంటుంది. రాబిన్ తనంతట తనే పసిగడతాడు. బీస్ట్ బాయే చెప్పేశాడనుకుని ఆమె వెళ్లిపోతుంది. స్లేడ్‌కి కావలసింది ఆ సందే. తర్వాత తిరిగొచ్చి వాళ్లలో కలిసిపోతుంది, నిజంగానే వాళ్లంటే ఇష్టపడుతుంది, అయినా దెబ్బ తీస్తుంది. బీస్ట్ బాయ్‌తో జాతరలాంటి చోటికి షికారుకెళ్లిన రాత్రే ఆ నిజం బయటపడుతుంది. ఏం జరిగినా స్నేహితుడిగా ఉంటానన్నావు కదా అని ఆమె అడిగితే, నీకు స్నేహితులెవరూ లేరు, స్లేడ్ చెప్పిందే నిజం అంటాడు. ఎప్పుడూ కుళ్లు జోకులేసే వాడి నోట ఆ మాట రావడం, కామిక్స్‌లోని చావుకంటే ఎక్కువ గుచ్చుకుంది నాకు. సీజన్ చివర ఆమె స్లేడ్‌ని లావాలో పడేసి, అగ్నిపర్వతాన్ని ఆపబోయి రాయైపోతుంది.

ఇది గుర్తుపెట్టుకుని ఆ చివరి ఎపిసోడ్ చూడండి. విగ్రహం మాయమైంది, స్కూల్లో అచ్చం టెర్రాలాంటి అమ్మాయి కనిపించింది. బీస్ట్ బాయ్ ఆమెని పాత చోట్లన్నిటికీ తిప్పుతాడు, శక్తి బయటికొస్తుందేమోనని మట్టి ముద్ద కూడా విసురుతాడు. అది వెళ్లి ఆమెకే తగులుతుంది. పాపం, బట్టలు పాడవడం తప్ప ఏమీ జరగదు. ఆఖరికి ఆమె తేల్చి చెప్పేస్తుంది: తను హీరో కాదు, వచ్చే పీరియడ్‌లో జామెట్రీ పరీక్ష ఉంది, ఏమీ చదవలేదు.

స్లేడ్ ఆమె శక్తిని కోరుకున్నాడు. టైటన్స్ కూడా ఆమెని కోరుకున్నారు, మంచి మనసుతోనే. బీస్ట్ బాయ్‌కి తన పాత టెర్రా కావాలి. నాకు ఇవేవీ వద్దు అని ఆమె అనగలిగింది అక్కడే. ఆమె ఎవరో తేల్చకపోవడం కూడా అందుకే సరిపోయింది. అన్నీ గుర్తుండి కాదన్నా, ఏమీ గుర్తులేక కాదన్నా, ఆమె జవాబు అదే.

కొత్తగా చూసేవాళ్లకి నా సలహా: ముందు కార్టూన్, తర్వాతే 80ల కామిక్స్. అవి ముందు చదివితే టెర్రాని మొదటి సీన్ నుంచే అనుమానంగా చూస్తారు, రెండో సీజన్ మజా పోతుంది. 2013లో అవే గొంతులతో వచ్చిన కామెడీ సిరీస్ సంగతి వేరు, దాన్ని దీనితో పోల్చి బీపీ పెంచుకోవద్దు.