బారువలో పదహారు సెకన్లు: ఇసుకలో దిగిపోతున్న ట్రైపాడ్ కాలు

ఈ శనివారం కూడా రెండు క్షితిజాలే వచ్చాయి. బారువ తీరంలో పదహారు సెకన్ల చొప్పున తీసిన పదకొండు ఫొటోల్లో ఒక్కటీ నిలవలేదు. ప్రతి దాంట్లోనూ సముద్రం చివరి గీత ఒకదాని పైన ఒకటి రెండుసార్లు గీసినట్టుంది. ఇంటికి వచ్చి కంప్యూటర్లో పెద్దది చేసి చూసేసరికి ప్రాణం ఉసూరుమంది. సోంపేటలో నాలుగున్నరకే లేచి, చలిలో బండి నడుపుకుంటూ వెళ్లింది దీనికోసమా అనిపించింది.

అర సెకను ఫొటోలు బాగా వచ్చాయి, వెనక్కి మళ్లే నురగ దారాలు దారాలుగా కనిపిస్తోంది. కానీ నాకు కావలసింది అది కాదు. మహేంద్రతనయ సముద్రంలో కలిసే చోట ఏటి నీరు ఇసుకలో సన్నగా, నిశ్చలంగా సాగుతుంది, దానికి ఎదురుగా అల వస్తుంది. కెమెరా షట్టర్‌ను పదహారు సెకన్లు తెరిచి ఉంచితే అలలన్నీ మీగడలా పరుచుకుంటాయి, ఏటి గీత మాత్రం విడిగా నిలుస్తుంది. అందుకు కెమెరా పొడి ఇసుకలో ఉంటే కుదరదు. బాగా వెడల్పుగా చూపే 10 మిల్లీమీటర్ల లెన్స్‌కు ముందున్న మూడు అడుగులే ప్రాణం, ఆ మూడు అడుగుల్లో నీరు ఉండాలి.

కొలతలు ఇవి. నికాన్ డీ7500, ఎఫ్/8, ఐఎస్ఓ 100. తెల్లవారే ముందు ఫిల్టర్ లేకుండా ఫొటోకు పావు సెకను పడుతుంది, వెలుగును తగ్గించే ఆరు స్టాపుల ఎన్డీ ఫిల్టర్‌తో ఆ సమయం 64 రెట్లు పెరిగి పదహారు సెకన్లు అవుతుంది. గుండ్రటి మరల ఫిల్టరే వాడుతున్నాను. చదరపు ఫిల్టర్లకు పేరు ఎక్కువే గానీ, ఉప్పు తుంపర పడే ఒడ్డున హోల్డర్ సందుల్లోంచి తడి లోపలికి చేరుతుంది, తుడుచుకోవడంతోనే తెల్లారిపోతుంది. నిసి కంపెనీ గుండ్రటి ఫిల్టర్ నాకు రంగు చెడగొట్టలేదు, దాన్ని మార్చను.

మొదట అనుమానం లెన్స్‌లో అదురు తగ్గించే వీఆర్ మీదకు పోయింది. ఈ లెన్స్ మీద దానికి మీట లేదు, మెనూలోకి వెళ్లి ఆపాలి. ఆపాను, తేడా లేదు. తర్వాత కెమెరాలో అద్దం పైకి లేచేటప్పటి అదురు అనుకుని, అది లేచాక కాస్త ఆగి తీసే ఎక్స్‌పోజర్ డిలే పెట్టాను. అదీ కాదు. గాలేమో అనుకున్నాను, కానీ ఈ రోజుల్లో తెల్లవారుజామున గాలి నేల మీద నుంచి సముద్రం వైపు మెల్లగా వీస్తుంది, నా వీపుకే తగులుతుంది. చివరికి అదే ట్రైపాడ్‌ను పది అడుగులు వెనక్కి, పొడి ఇసుకలోకి జరిపి పదహారు సెకన్లు తీశాను. క్షితిజం కత్తితో కోసినట్టు వచ్చింది. అంటే తప్పు కెమెరాది కాదు, కాలిది.

ఎంత దిగుతోందో తెలుసుకోవడానికి సోమవారం మళ్లీ వెళ్లాను. ఫిల్టర్ తీసేసి, అల రాకముందు పావు సెకనుది ఒకటి, వెళ్లాక ఒకటి తీసి, రెండింటిలో క్షితిజం ఎక్కడుందో లెక్కపెట్టాను. మొదటి అలకు 18 పిక్సెళ్ల తేడా. తర్వాత 11, 6, 5, 4. కుదురుకుంటోంది అని సంతోషించేలోపు ఒక పెద్ద అల వచ్చి మళ్లీ 14.

ఆ 18 పిక్సెళ్లను మిల్లీమీటర్లలోకి మార్చి చూశాను. ఒక కాలు సముద్రం వైపు, రెండు కాళ్లు ఒడ్డు వైపు, కాలికీ కాలికీ మధ్య 90 సెంటీమీటర్లు. ముందు కాలు కేవలం 6 మిల్లీమీటర్లు దిగితే కెమెరా అర డిగ్రీకి కొంచెం తక్కువగా ముందుకు వంగుతుంది. ఆకాశంలో సూర్యబింబం వెడల్పు కూడా సుమారు అర డిగ్రీయే. ఒక కంది గింజంత కదలికకు క్షితిజం దాదాపు సూర్యుడంత జరిగిపోతోంది! ఈ లెక్క తేలాక కోపం తగ్గి, కాలు కింద ఏం జరుగుతోందన్న ఆసక్తి పెరిగింది.

పాదం వెడల్పుగా ఉంటే దిగదు కదా అనుకుని మంగళవారం మూడు కొబ్బరి చిప్పలు బోర్లించి కాళ్ల కింద పెట్టాను. ఉద్దానంలో చిప్పలకు కొదవ లేదు. మొదటి అలకే 31 పిక్సెళ్లు! ముందు చిప్ప చుట్టూ అరచేయి పట్టేంత గుంట పడింది, చిప్ప పక్కకు ఒరిగింది.

నేను మోకాళ్ల మీద కూర్చుని ఆ గుంటను చూస్తుంటే అలివి వల లాగడానికి వచ్చిన ఒక పెద్దాయన ఆగి చూశాడు.

"బాబూ, ఇసుక కాలి కింద నుంచి పోదు. పక్క నుంచి పోతుంది. నువ్వు వెడల్పు పెంచితే అది ఇంకా తవ్వుతుంది."

"మరి ఏం చేయాలి తాతా?"

"మొన దించాలి. సరుగుడు కర్ర చెక్కి రెండడుగులు దించు, కాలిని దానికి కట్టు."

తర్వాత ఆలోచిస్తే వంతెన స్తంభాల సంగతీ ఇదే. నీరు స్తంభానికి కొట్టుకుని కిందకు తిరిగి, చుట్టూ సుడిలా ఇసుకను తోడేస్తుంది. స్తంభం ఎంత వెడల్పుంటే గుంట అంత లోతు. అందుకే పునాదిని ఆ గుంటకు అందనంత కిందకు దించుతారు.

బుధవారం అడ్డదారి ఒకటి ప్రయత్నించాను. పీవీసీ గొట్టం 45 సెంటీమీటర్ల ముక్కలు మూడు కోసి, అడుగున మూత బిగించి, ఇసుకలో కుదుపుతూ దించి, వాటిలో కాళ్లు నిలబెట్టాను. కాలి బిగింపుల్లో ఇసుక చేరకపోవడం దీనితో అదనపు లాభం. తిప్పి బిగించే కాళ్లకు ఇసుక పడితే నూరినట్టు శబ్దం వస్తుంది, సముద్రానికి మీట బిగింపులే మేలు. తేడా 18 నుంచి 3 పిక్సెళ్లకు తగ్గింది. ఇంకా మూడు! పదహారు సెకన్లలో ఒకటి రెండు అలలు తప్పవు కాబట్టి గీత పలచగా అలుక్కుపోతోంది. మూత మొద్దుగా ఉండటం వల్ల అడుగున ఇసుక వదులవుతోందా, లేక గొట్టం లోపలే కాలు ఊగుతోందా? నా అనుమానం రెండోదాని మీద. గొట్టానికీ కాలికీ మధ్య వేలు పట్టేంత సందు ఉంది.

ఇక తాత చెప్పిన దారే. మూడు సరుగుడు కర్రలు తెచ్చి చెక్కాను, ఒక్కొక్కటి మూడడుగులు, మొన జానెడు. రెండడుగులు ఇసుకలోకి, అడుగు పైకి. కట్టడానికి పాత సైకిలు ట్యూబు కోసి పెట్టుకున్నాను. బరువు కోసం ట్రైపాడ్ కింద సంచి వేలాడదీయడం మానేస్తున్నాను, అల దాన్ని కొడితే మొత్తం ఊగుతోంది.

రథసప్తమికి ఈ ఫొటో పూర్తి చేయాలని ఉంది. అరసవల్లి ఉన్న జిల్లాలో పుట్టినవాడికి అంతకు మించిన రోజు ఏముంటుంది? పైగా అమావాస్యకూ పౌర్ణమికీ మధ్య రోజులు కాబట్టి అప్పుడు ఆటుపోట్ల తేడా తక్కువ. సూర్యుడు ఇప్పుడు తూర్పుకు ఇరవై డిగ్రీలకు పైగా దక్షిణంగా వస్తున్నాడు, ఆగ్నేయానికి తిరిగి ఉన్న మన తీరానికి దాదాపు ఎదురుగా. వేసవి వచ్చేసరికి ఒడ్డు వెంబడి ఉత్తరానికి జరిగిపోతాడు, ఏరు, సూర్యుడు ఒకే చట్రంలో ఇమడవు. కర్రలు పనిచేస్తే మరుసటి ఆదివారం ఇచ్ఛాపురం దాటి డొంకూరు, బాహుదా కలిసే చోటుకు. అక్కడి ఇసుక ఇంకా మెత్తన, కర్రలు మూడున్నర అడుగులవి చెక్కుకోవాలి.