ఆ రాత్రి ఏడున్నర గంటలకు

“ఆ తాతగారికి చెప్పేదాకా నేను కాకరపువ్వొత్తి కూడా ముట్టుకోను” అని మా అబ్బాయి మొన్న ఆదివారం భోజనాల దగ్గర అన్నాడు. వాడికిప్పుడు 11 ఏళ్లు. కోపంగా అనలేదు, కంచంలోంచి తల కూడా ఎత్తలేదు. మావారు ఏ తాతగారని, ఏం చెప్పాలని అడిగారు. నేను ఏమీ అడగలేదు. ఏడాదిగా ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని ఎదురుచూస్తూనే ఉన్నాను.

2023లో దీపావళి నవంబర్ 12న ఆదివారం వచ్చింది. మేమున్నది ఇంగ్లండులో, రెడింగ్ పక్కనే ఉన్న లోయర్ ఎర్లీలో. పండుగలన్నిటిలో దీపావళి విషయంలో నాకు పట్టుదల ఎక్కువ. తెనాలిలో నాన్న పది రోజుల ముందే టపాకాయలు తెచ్చి చాటల్లో పోసి డాబా మీద ఎండబెడితే, మధ్యాహ్నమంతా మేము కాకుల్లా కాపలా కాసేవాళ్లం. ఆ ఎండబెట్టిన మందు వాసన ఒక్కసారైనా పిల్లవాడికి తెలియాలని నా కోరిక. సీమటపాకాయల్లాంటి చప్పుడు సరుకు అమ్మకాన్ని ఈ దేశంలో 1997లోనే నిషేధించారు. ఇక్కడ దొరికేవి పెద్ద పెట్టెలు. ఒక్క వత్తి ముట్టిస్తే చాలు, పదుల కొద్దీ గుళ్లు వరసగా పైకి లేచి పేలతాయి. మామూలు రోజుల్లో రాత్రి 11 దాటితే కాల్చకూడదు, దీపావళి నాడు మాత్రం ఒంటిగంట వరకు అనుమతి ఉంది. ఆ నిబంధన మొదటిసారి చదివిన రోజు, ఇంత దూరంలో ఒక ప్రభుత్వం మా పండుగను పేరు పెట్టి గుర్తించిందని నాకు కళ్లు చెమర్చాయి. ఆ రాత్రి మా వాడు చలిగా ఉందన్నాడు, చదువుకోవాలన్నాడు. నేను వినలేదు, కోటు తొడిగి పెరట్లోకి లాక్కొచ్చాను. ఏడున్నర ప్రాంతంలో ఆ ఏడాది కొన్నవాటిలో అన్నిటికంటే పెద్ద పెట్టెను ముట్టించాం.

మరునాడు పొద్దున చెత్తడబ్బాల వెనక, గోడకూ పొదకూ మధ్య సందులో, గోధుమరంగు టెర్రియర్ కుక్క ఒకటి ముడుచుకొని వణుకుతూ కనిపించింది. మెడలో బెల్టు ఉంది కానీ దానికి పేరు బిళ్ల లేదు. నాకు కుక్కలంటే భయం. చిన్నప్పుడు మా అన్నయ్యను కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ 14 సూదులు వేయించిన రోజులు నేను మరచిపోలేదు. 1922లోనే రేబిస్‌ను నిర్మూలించుకున్న దేశంలో ఉన్నానని తెలిసినా, ఆ తెలివి నా కాళ్లదాకా రాలేదు, గుమ్మంలోనే నిలబడిపోయాను. మా వాడు మాత్రం బడి సంచీ కిందపెట్టి, దానికి కొంచెం దూరంలో మంచుకు తడిసిన నేల మీదనే చతికిలబడి, అది తనంత తాను వచ్చేదాకా కదలకుండా కూర్చున్నాడు.

ఇలా కుక్క దొరికితే ఏం చేయాలో అప్పటికి నాకు తెలియదు. తెలియనివాళ్లు మనలో చాలామందే ఉంటారు కనుక రాస్తున్నాను. ఇంగ్లండులో దొరికిన కుక్కను యజమానికి అప్పగించాలి, లేదా కౌన్సిల్‌కు, అంటే మన మునిసిపాలిటీ వంటి స్థానిక సంస్థకు, తెలియజేయాలి. జాలిపడి ఊరికే ఉంచేసుకోవడం చట్టానికి విరుద్ధం. కౌన్సిల్ వారు తీసుకెళితే 7 రోజులు ఉంచుతారు. దొరికినవారే ఉంచుకోదలిస్తే వారి వివరాలు నమోదు చేసుకుంటారు, అలా తీసుకున్నవారు కనీసం 28 రోజులు దాన్ని పోషించి తీరాలి, ఆలోగా యజమాని వస్తే ఇచ్చివేయాలి. 2016 ఏప్రిల్ నుంచి 8 వారాలు దాటిన ప్రతి కుక్కకూ చర్మం కింద మైక్రోచిప్ తప్పనిసరి కాబట్టి, ముందుగా పశువైద్యశాలకు తీసుకెళ్లి పరీక్ష చేయించాలి. బియ్యపు గింజంత ఆ చిప్ కుక్క ఎక్కడుందో చెబుతుందని నేను అనుకునేదాన్ని. అందులో బ్యాటరీయే ఉండదు. యంత్రం పెట్టినప్పుడు 15 అంకెల సంఖ్య ఒకటి చూపుతుంది, అంతే. రికార్డుల్లో ఆ సంఖ్య పక్కన రాసి ఉన్న ఫోన్ నంబరు పనిచేస్తేనే దానికి విలువ. మాకు దొరికిన కుక్క సంఖ్య పక్కన ఉన్న ల్యాండ్‌లైన్ ఎప్పుడో తీసేశారు, చిరునామాలో ఉన్న ఇంట్లో వేరేవాళ్లు ఉంటున్నారు. యజమాని తేలేదాకా కుక్కను మా దగ్గరే ఉంచుకుంటామని మా వాడి బలవంతం మీద కౌన్సిల్‌లో రాయించాను.

ఆ మొదటిరోజు నాకు ఒకటే ఆత్రం, ఎంత త్వరగా వీలైతే అంత త్వరగా అప్పగించేయాలి. మంగళవారం 20 కాగితాలు అచ్చువేసి చుట్టుపక్కల వీధుల్లో అతికించాం. వైద్యురాలు చెప్పినట్టు ఒక గుర్తు మాత్రం దాచిపెట్టాం, దాని వెనక ఎడమకాలికి ఒక వేలు లేదు. ఎవరైనా నాదే అని వస్తే ఆ గుర్తు వాళ్లే చెప్పాలి. పేరు పెట్టవద్దని మా వాడికి గట్టిగా చెప్పాను, పేరు పెడితే మనదే అనిపిస్తుందని.

ఇక్కడి నుంచి చెప్పవలసింది నాకు కష్టంగా ఉంది.

నాకు తెలియకుండానే నేను ఆ కుక్కతో తెలుగులో మాట్లాడటం మొదలుపెట్టాను. “రా”, “వద్దు”, “ఆగు, చల్లారనీ” వంటి మాటలు. ఏ జీవితో దగ్గరగా మాట్లాడవలసి వచ్చినా నా నోటికి వచ్చేది ఆ భాషే. నేను తెలుగులో అడిగిన ప్రతిదానికీ నాలుగేళ్లుగా ఇంగ్లీషులో జవాబు చెబుతున్న పిల్లవాడు, శనివారం తెలుగు తరగతికి వెళ్లనని ఏడ్చిన పిల్లవాడు, రెండోరోజు సాయంత్రానికి దానితో తెలుగులో మాట్లాడుతున్నాడు. “బుజ్జీ, ఇటు రా, కూర్చో, పెరుగన్నం తిందువుగాని.” నేను వంటగదిలో చేతిలో గరిటెతో నిలబడిపోయి విన్నాను. పేరు పెట్టావేమని అడగలేదు. ఉల్లి, వెల్లుల్లి, ఎండుద్రాక్ష కుక్కలకు విషమని వైద్యురాలు చెప్పిన సంగతిని వాడు ఫోన్లో మా అమ్మకు తెలుగులో వివరిస్తుంటే, అవతల అమ్మ, ఇవతల నేను, ఇద్దరం మాట రాక వింటూ ఉన్నాం.

ఆ ఫోన్లోనే ఇంకొక సంగతి జరిగింది. “ఊరకుక్కను ఇంట్లోకి రానిచ్చావా?” అని అమ్మ అడిగితే, ఊరకుక్క అంటే ఏమిటని మా వాడు నన్ను అడిగాడు. ఏ ఇంటిదీ కాని, ఊరిదైన కుక్క అని చెప్పాను. “అయితే ఊరంతా దాని ఓనర్లా?” అన్నాడు. ఔనన్నాను. మా వీధి కుక్కకు ప్రతి ఇంటివాళ్లూ చివరి ముద్ద వేసేవారని, దానికి అన్ని అరుగులూ తెలుసునని ఉత్సాహంగా చెప్పుకుపోయాను. మనవైపు యజమాని కోసం వెతికే పనే లేదని కూడా అన్నట్టు గుర్తు. వాడు అంతా విని, “మరి దానికి జ్వరం వస్తే ఎవరు తీసుకెళతారు?” అన్నాడు. ఎవరూ తీసుకెళ్లేవారు కాదు. ఆ మాట వాడికి చెప్పలేక కుక్కర్ కూత వంక పెట్టుకొని లేచి వెళ్లాను.

శుక్రవారం రాత్రి పెద్ద వాన కురిసింది. శనివారం పొద్దున కారులో వెళుతూ చూస్తే మా కాగితాల్లో సగం చిరిగి వేలాడుతున్నాయి, మిగిలినవాటి మీద సిరా కారి ఫోన్ నంబరు చెరిగిపోయింది. ఇంట్లో ప్రింటర్ ఉంది, కాగితం ఉంది, ప్లాస్టిక్ కవర్లూ ఉన్నాయి. మళ్లీ అచ్చువేయడం అరగంట పని. నేను వేయలేదు. ఆ రోజూ వేయలేదు, ఆదివారమూ వేయలేదు. మొదటిరోజు “ఎవరింట్లోనో ఏడుస్తుంటారు, త్వరగా అప్పగించాలి” అని పిల్లవాడికి ధర్మం చెప్పినదాన్నే, ఆరోరోజుకు ఆ ఏడ్చేవాళ్లను మరచిపోయాను. ఇంట్లో తెలుగు వినిపిస్తోంది. అది ఇంకొన్నాళ్లు వినిపించాలని, పైకి అనకపోయినా, కోరుకున్నాను.

సోమవారం రాత్రి పడుకునే ముందు వాడికి ధర్మరాజు కథ చెప్పాను. హిమాలయాల దారిలో తమ్ముళ్లూ ద్రౌపదీ ఒక్కొక్కరే పడిపోగా చివరిదాకా వెంట వచ్చిన కుక్కను వదిలి స్వర్గానికి రానన్న ధర్మరాజు, దానికోసం ఇంద్రుడి రథాన్నే కాదనుకున్న ధర్మరాజు. ఆశ్రయించినదాన్ని విడిచిపెట్టకూడదని ముగించాను. ఆ కథ వాడి కోసం చెబుతున్నానో, నా కోసం చెప్పుకుంటున్నానో నాకు అప్పుడే అనుమానం వచ్చింది. వాడు చాలాసేపు పైకప్పు చూస్తూ పడుకొని, “ఆ కుక్క ఎవరిదో ధర్మరాజు అడగలేదా?” అన్నాడు. అది కుక్క కాదు, ఆ రూపంలో వచ్చిన ధర్మదేవత, ఆయన తండ్రే అని చెప్పాను. “అది ఆయనకు ముందు తెలియదు కదా” అన్నాడు. తరువాత, “మన పోస్టర్లు పోయాయి, స్కూలుకు వెళ్లేటప్పుడు చూశాను” అన్నాడు. ఆ రాత్రే లేచి అచ్చువేశాను. మంగళవారం పొద్దున బడికి వెళ్లేముందు ఇద్దరం కలిసి అతికించాం, మందుల దుకాణంలో లోపలివైపు అద్దానికి ఒకటి పెట్టించాం.

బుధవారం మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. మాట్లాడినావిడ మందుల దుకాణంలో కాగితం చూశానంది. అడగకముందే, వెనక ఎడమకాలికి ఒక వేలు ఉండదని చెప్పింది. కుక్క వాళ్ల నాన్నగారిదట. ఆయన ఇల్లు మా వెనక రెండు వీధుల అవతల, నడిస్తే పది నిమిషాలు. చిప్ వివరాలు చనిపోయిన భార్య పేరున, పాత ఇంటి చిరునామాతో ఉండిపోయాయి. ఈవిడ ఉండేది వేరే ఊరు. నాన్నగారి ఇప్పటి చిరునామాలో రెడింగ్ అని ఉండేసరికి, కుక్క తప్పిపోయిందని ఫోన్ ఆ కౌన్సిల్‌కు చేసింది. మా పేట వోకింగ్‌హామ్ కౌన్సిల్ కిందికి వస్తుంది, కుక్క దొరికిందని మేము రాయించింది అక్కడ. సరిహద్దు పేటల్లో ఉండేవారు రెండుచోట్లా చెప్పడం మంచిది. ఆ చిన్న సంగతి ముందే తెలిసి ఉంటే ఒక్కరోజులో తేలిపోయేది.

సాయంత్రం కుక్కను తీసుకొని ఇద్దరం వెళ్లాం. తలుపు తీసిన పెద్దాయనకు 80 పైనే ఉంటాయి. కుడి మణికట్టుకు కట్టు ఉంది, ముఖం మీద ఒకవైపు ఇంకా నల్లగా కమిలి ఉంది. కుక్క ఎగిరి ఆయన కాళ్లకు చుట్టుకుంటే, ఆయన గోడ పట్టుకొని మెల్లగా మెట్టు మీద కూర్చొని, బాగున్న చేత్తో దాని చెవులు నిమురుతూ కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత చెప్పారు. ఆదివారం రాత్రి ఏడున్నరకు దాన్ని బయటకు తీసుకెళ్లడానికి తలుపు తీశారట. అప్పుడే ఆకాశం బద్దలైనట్టు వరసగా చప్పుళ్లు మొదలయ్యాయి, కుక్క పట్టు విడిపించుకొని చీకట్లోకి పరుగెత్తింది. వెనకాలే పరుగెత్తబోయి తడి పేవ్‌మెంటు మీద ఆయన పడిపోయారు. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. శనివారం, ఆదివారం ఈ వీధులన్నీ తిరిగానని, ఎక్కడా ఒక్క కాగితం కూడా కనబడలేదని కూతురు అంది. నేను తల దించుకొన్నాను.

“మీ పండుగ రాత్రి కదా, ఎవరినీ తప్పుపట్టడం లేదు” అని ఆయన నాతో మర్యాదగా అన్నారు. మా అబ్బాయి నోరు తెరిచాడు. ఏం చెప్పబోతున్నాడో నాకు తెలుసు. వాడి భుజం మీద ఉన్న చేత్తో గట్టిగా నొక్కాను. వాడు ఆగిపోయాడు. టీ తాగి వెళ్లమన్నా ఉండకుండా, కృతజ్ఞతలు అందుకొని, చాక్లెట్ల డబ్బా కూడా అందుకొని వచ్చేశాం. దారిలో వాడు అన్నది ఒకటే మాట. “నువ్వు నా భుజం నొక్కావు.” తెలుగులోనే అన్నాడు.

అబద్ధం ఆడకూడదని చిన్నప్పటి నుంచి చెప్పి పెంచిన పిల్లవాడి ముందు నేను అబద్ధం ఆడలేదు, నిజం చెప్పనివ్వలేదు. ఆ రాత్రి మా పేటలో పదిహేను ఇళ్లవాళ్లైనా కాల్చి ఉంటారని, అది మా పెట్టే అని ఎవరు చెప్పగలరని ఏడాదంతా నాకు నేను చెప్పుకున్నాను. ఆ ఏడున్నర మాత్రం అలాగే ఉంది.

ఈ ఏడు ఏం చేయాలో తోచక మా అమ్మను అడిగాను. తన చిన్నతనంలో చప్పుళ్లు కొనేంత డబ్బు ఏ ఇంట్లోనూ లేదని, గోగుకాడలకు నూనె గుడ్డలు చుట్టి వెలిగించి “దిబ్బు దిబ్బు దీపావళి, మళ్లీ వచ్చే నాగులచవితి” అంటూ నేలకు కొట్టేవారని, కాళ్లు కడుక్కొని లోపలికి వచ్చి మిఠాయి తింటే పండుగ అయిపోయేదని చెప్పింది. నేనూ చిన్నప్పుడు దివిటీలు కొట్టాను, ఎందుకో ఆ సంగతి నాకు గుర్తే రాలేదు. నేను పిల్లవాడికి అందించాలని పట్టుబట్టిన పండుగ మా అమ్మ పండుగ కూడా కాదేమో. అయినా ఆ మందు వాసన లేని దీపావళిని తలచుకుంటే నాకు దిగులుగానే ఉంది, ఆ మాట దాచుకోలేను. ముందుగా ఇరుగుపొరుగుకు తేదీ, సమయం రాసిన చీటీలు ఇస్తే, కుక్కలున్నవాళ్లు చీకటి పడకముందే తిప్పి తెచ్చుకుంటారు కదా, చప్పుడు లేని చిచ్చుబుడ్లు మాత్రమే కొంటే సరిపోతుంది కదా అని నాకు నేను బేరమాడుకుంటున్నాను. ఎంతవరకు సబబో తేల్చుకోలేకపోతున్నాను.

ఈ శనివారం ఆ పెద్దాయన ఇంటికి వెళుతున్నాం. సున్నుండలు చేశాను. కుక్కకు ఏం పట్టుకెళ్లాలో మా వాడే చూసుకున్నాడు. చెప్పవలసిన మాటలు నిన్న వాడి ఎదుట ఒకసారి అనుకున్నాను. “ఆ రాత్రి ఈ చుట్టుపక్కల చాలామంది కాలుస్తున్నారు, మేము కూడా...” అని మొదలుపెట్టాను. వాడు చివరిదాకా విని, ఆ మొదటి ముక్క తీసెయ్యమన్నాడు.