తొమ్మిదో ఛానల్ అమ్మేస్తారట!

2018 వేసవి. నాన్న గుంటూరు నుంచి వచ్చి షికాగో దగ్గర మా ఇంట్లో ఉన్నారు. ఇంగ్లీషు అంతంతమాత్రమే అయినా మా ఊరి తొమ్మిదో ఛానల్ డబ్ల్యూజీఎన్‌లో టామ్ స్కిల్లింగ్ వాతావరణం చెబుతుంటే సోఫాలోంచి కదిలేవారు కాదు. "ఈయన మేష్టారురా, పాఠం చెబుతున్నాడు" అనేవారు.

ఆ స్టేషన్‌తో సహా దాని యజమాని ట్రిబ్యూన్ మీడియా మొత్తాన్ని, ఊరూరా టీవీ స్టేషన్లున్న సింక్లెయిర్ కంపెనీ కొంటోందని అప్పటికే ఏడాదిగా వార్తలు. 390 కోట్ల డాలర్ల బేరం. పక్కింటి పెద్దావిడకి అదే టెన్షన్. మార్చి చివర్లో వచ్చిన ఒక వీడియో నాకు ఫోన్‌లో చూపించింది. ఊరూరా సింక్లెయిర్ యాంకర్లు ఒకే స్క్రిప్టు అక్షరం పొల్లుపోకుండా చదువుతున్నారు. "మనవాళ్లూ రేపు ఇలాగే అప్పజెబుతారా?" అంది.

తమాషా ఏమిటంటే, సింక్లెయిర్ వాళ్లు డబ్ల్యూజీఎన్‌ని మేరీలాండ్‌లో ఓ కార్ల డీలర్‌కి 6 కోట్ల డాలర్లకి అమ్మి, నడిపేది మాత్రం తామేనన్నారు. విషయం చెబితే నాన్న "బినామీ అను" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. జులైలో ఎఫ్‌సీసీ (టీవీ, రేడియోలని నియంత్రించే అమెరికా ప్రభుత్వ సంస్థ) లేవనెత్తిన ప్రశ్న కూడా దాదాపు అదే: అసలు యజమాని ఎవరు?

ఆగస్టు 9న ట్రిబ్యూనే ఆ బేరం నుంచి తప్పుకుంది. ఆ సాయంత్రం పక్కింటావిడ పెరటి టమాటాలు సంచెడు తెచ్చి నాన్న చేతిలో పెట్టింది. మరుసటి ఏడాది నెక్స్‌స్టార్ అనే మరో టీవీ కంపెనీ ట్రిబ్యూన్‌ని కొనేసుకుంటే మా వీధిలో ఎవరూ నోరెత్తలేదు, నాతో సహా.

స్కిల్లింగ్ 2024లో రిటైరయ్యేదాకా నాన్న ఫోన్‌లో అడుగుతూనే ఉన్నారు, "మేష్టారు ఉన్నాడా?" అని.