ఎల్‌ఈడీకి రెసిస్టర్: మిగులు వోల్టేజీ లెక్క

ఫిలమెంటు బల్బు వేడెక్కినకొద్దీ దాని నిరోధం పెరుగుతుంది కాబట్టి కరెంటు దానంతటదే అదుపులో ఉంటుంది. ఎల్‌ఈడీ స్వభావం ఇందుకు విరుద్ధం. ఒక హద్దు దాటాక వోల్టేజీ కాస్త పెరిగినా కరెంటు ఎన్నో రెట్లు పెరుగుతుంది. పైగా వేడెక్కిన ఎల్‌ఈడీ అదే వోల్టేజీ వద్ద మరింత కరెంటు లాగుతుంది. ఆ కరెంటుకు పగ్గం వేయడమే రెసిస్టర్ పని.

సరఫరా వోల్టేజీ నుంచి ఎల్‌ఈడీ తీసుకునే వోల్టేజీని తీసివేసి, మిగిలినదాన్ని కావలసిన కరెంటుతో భాగిస్తే రెసిస్టర్ విలువ వస్తుంది. ఎరుపు ఎల్‌ఈడీ దాదాపు 2 వోల్టులు, నీలం, తెలుపు ఎల్‌ఈడీలు 3 వోల్టులు లేదా అంతకు కొంచెం ఎక్కువ తీసుకుంటాయి. మామూలు 5 మిల్లీమీటర్ల ఎల్‌ఈడీకి 20 మిల్లీ ఆంపియర్లు గరిష్ఠ పరిమితి అయినా నేను 15 దాటనివ్వను, ఎందుకంటే వెలుగులో ఆ తేడాను కన్ను పెద్దగా గుర్తించదు. ఐదు వోల్టుల సరఫరా మీద ఎరుపు ఎల్‌ఈడీకి 200 ఓమ్‌లు అని లెక్క తేలితే, మామూలుగా దొరికే విలువల్లో దానికి పైనున్న 220 ఓమ్‌ల రెసిస్టర్ తీసుకోవాలి.

అయితే లెక్క సరిపోయినంత మాత్రాన అమరిక సరైనదని చెప్పలేము. పన్నెండు వోల్టుల మీద ఐదు ఎరుపు ఎల్‌ఈడీలను వరసగా కలిపితే రెసిస్టర్‌కు మిగిలేది 2 వోల్టులే, కాబట్టి 150 ఓమ్‌లతో 13 మిల్లీ ఆంపియర్లు వస్తాయి. అదే అమరికను వాహనంలో పెడితే, ఇంజను నడిచేటప్పుడు వోల్టేజీ 14.4 వరకు చేరగలదు కనుక కరెంటు 29కి పెరిగి పరిమితిని దాటుతుంది. మూడు ఎల్‌ఈడీలకు 470 ఓమ్‌లు పెడితే 12 వోల్టుల వద్ద దాదాపు 13, 14.4 వద్ద 18 మిల్లీ ఆంపియర్లే ప్రవహిస్తాయి. రెసిస్టర్‌కు మిగులు ఎంత ఎక్కువగా ఉంటే సరఫరాలోని ఒడిదుడుకులు ఎల్‌ఈడీని అంత తక్కువగా తాకుతాయి. ఆ మిగులంతా వేడిగా పోతుందన్నది నిజమే, కానీ ఇక్కడ అది అత్యధికంగా 0.15 వాట్లే కాబట్టి పావు వాట్ రెసిస్టర్ చాలు.

మొదట్లో నేను నాలుగు ఎల్‌ఈడీలను సమాంతరంగా కలిపి అన్నిటికీ కలిపి ఒకే రెసిస్టర్ పెట్టాను. వాటి వోల్టేజీలు అచ్చంగా ఒకేలా లేకపోవడంతో ఒకటి మిగతావాటికంటే కాంతివంతంగా వెలిగి, ముందుగా అదే పోయింది. దాని వంతు కరెంటు మిగిలిన మూడింటి మీద పడి అవి మరింత త్వరగా పాడయ్యాయి. ఇప్పుడు సమాంతరంగా ఎన్ని వరసలు పెట్టినా ప్రతి వరసకూ విడిగా ఒక రెసిస్టర్ పెడుతున్నాను.