ఒకటో తారీఖు పొద్దున్నే

ఈసారి ఒకటో తారీఖుకి ఊళ్లోనే ఉన్నా. ఏడింటికే పింఛను తీసుకుని సచివాలయం అమ్మాయి వచ్చింది. తాతయ్య వేలిముద్ర రెండుసార్లు పడలేదు. అమ్మమ్మ ఆయన బొటనవేలిని చీరకొంగుతో తుడిచి పెట్టింది, పడింది. నాలుగు వేలు, అన్నీ ఐదొందల నోట్లే.

"మరి అమ్మమ్మకి?" అన్నా. ఇంటికి ఒక్క వృద్ధాప్య పింఛనేనట. ఇద్దరికీ అరవై ఎప్పుడో దాటాయి. నాట్లేసి, కలుపు తీసి నడుం వంగిపోయింది మాత్రం ఈవిడకే (తాతయ్య వింటే ఒప్పుకోడు లెండి).

మన ఆంధ్రలో 2024 నవంబరు నుంచి, పింఛను తీసుకునే భర్త చనిపోతే అది భార్యకి ఇస్తున్నారు. అంటే ఆయన పోతేనే ఈవిడ లెక్కలోకొస్తుంది. ఆ మాటే పైకి అనేశా.

"ముయ్యవే నోరు, పొద్దున్నే ఏం మాటలవి!" అని కాఫీ గ్లాసు చేతిలో పెట్టింది.