ఆర్థరైటిస్ మందు లుకేమియా పాపని బతికించింది

సెల్ థెరపీ (కణాలనే మందుగా ఇవ్వడం), ఇమ్యునాలజీ (ఇమ్యూన్ సిస్టమ్ గురించిన సైన్సు) రెండూ కలిపి చేసే రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ల గురించి మాట్లాడితే చాలామందికి వచ్చే డౌట్ ఒకటుంది. కేన్సర్‌కీ కీళ్ళవాతానికీ ఏం సంబంధం, ఇద్దరు డాక్టర్లనీ ఒకే బిల్డింగ్‌లో ఎందుకు కూర్చోబెట్టారు అని. న్యాయమైన డౌటే. ఒకటేమో ఇమ్యూన్ సిస్టమ్ శత్రువుని గుర్తుపట్టక వదిలేసిన జబ్బు, ఇంకోటి సొంత ఒంటినే శత్రువు అనుకుని మీద పడిన జబ్బు. కానీ ఈ ఫీల్డ్‌లో వచ్చిన పెద్ద మలుపులు చూస్తే ఒకవైపు వాళ్ళకి తెలిసింది రెండోవైపు వాళ్ళకి అందినప్పుడే వచ్చాయి, అందుకే ఈ రెండు డిపార్ట్‌మెంట్లూ పక్కపక్కనే ఉండాలని నేను గట్టిగా నమ్ముతా.

ఎమిలీ వైట్‌హెడ్ సంగతే తీసుకోండి. 2012 ఏప్రిల్‌లో ఫిలడెల్ఫియా పిల్లల హాస్పిటల్‌లో ఆ పాపకి ఆరేళ్ళు, లుకేమియా అనే బ్లడ్ కేన్సర్, కీమో ఇచ్చినా రెండుసార్లు తిరగబెట్టింది, ఇంక డాక్టర్ల దగ్గర ఇవ్వడానికి పెద్దగా ఏం మిగల్లేదు. అప్పుడు పెన్సిల్వేనియా యూనివర్సిటీలో కార్ల్ జూన్ టీమ్ తయారు చేసిన కార్-టి కణాలు ఎక్కించారు. అంటే పాప రక్తంలోంచే టి కణాలు (జబ్బు కణాలని చంపే తెల్లరక్త కణాలు) తీసి, కేన్సర్ కణాల మీదుండే సీడీ19 అనే గుర్తుని పట్టుకునే రిసెప్టర్ (దీన్నే కార్ అంటారు) జీన్ వాటిలో పెట్టి, పెంచి, మళ్ళీ పాప ఒంట్లోకే పంపడం. పిల్లల్లో ఈ ట్రీట్‌మెంట్ తీసుకున్న మొదటి పాప తనే. కణాలు పని మొదలుపెట్టాయి, కానీ దాంతోపాటే విపరీతమైన జ్వరం, బీపీ పడిపోవడం, చివరికి వెంటిలేటర్ దాకా వెళ్ళింది. బ్లడ్ టెస్ట్‌లో ఐఎల్-6 అనే, ఇమ్యూన్ సిస్టమ్‌ని రెచ్చగొట్టే ప్రొటీన్ ఆకాశాన్నంటింది.

ఐఎల్-6ని ఆపే మందు ఒకటి ఉందని జూన్‌కి తెలుసు. ఎలా తెలుసంటే ఆయన సొంత కూతురికి చిన్నప్పటినుంచి ఆర్థరైటిస్, దానికి వాడే టోసిలిజుమాబ్ గురించి ఆయన అప్పటికే చదివున్నాడు. అది ఇచ్చారు, కొన్ని గంటల్లోనే పాప తేరుకోవడం మొదలుపెట్టింది. కేన్సర్ పోయింది, తిరిగి రాలేదు. తర్వాత 2017 ఆగస్టు 30న అమెరికా ఎఫ్‌డీఏ మొదటి కార్-టి మందుకి పర్మిషన్ ఇచ్చినప్పుడు, అదే రోజు టోసిలిజుమాబ్‌ని కూడా ఐఎల్-6 లాంటి ప్రొటీన్లు ఇలా ఒక్కసారిగా పొంగే సైటోకైన్ తుఫానుకి వాడొచ్చని ఒప్పుకుంది. ఒక తండ్రికి ఇంట్లో ఉన్న జబ్బు వల్ల తెలిసిన విషయం అలా అక్కరకొచ్చింది, అది తెలియకపోయి ఆ పాప చనిపోయుంటే ఈ ఫీల్డ్ మొత్తం అక్కడే ఆగిపోయేదేమో అని జూనే చాలాసార్లు చెప్పాడు. అలాంటి సమాచారం అదృష్టం మీద ఆధారపడకూడదు, రుమటాలజిస్ట్ (కీళ్ళవాతం డాక్టర్) పక్క గదిలో ఉండాలి, అడిగితే చెప్పాలి.

అసలు ఈ ఐడియా చాలా పాతది. 1989లోనే ఇజ్రాయెల్ వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌లో జెలిగ్ ఎష్హార్ వాళ్ళు యాంటీబాడీలో శత్రువుని గుర్తుపట్టే తల భాగాన్ని టి కణం సిగ్నల్ భాగానికి అతికించి చూపించారు. కానీ ఆ మొదటి తరం కణాలు ఒంట్లోకి వెళ్ళాక నిలబడేవి కావు, సీడీ28 లాంటి రెండో సిగ్నల్ కూడా జోడించాకే అవి పెరగడం, బతకడం మొదలైంది. 1989 నుంచి 2017 అంటే 28 ఏళ్ళు. ఇన్‌స్టిట్యూట్‌కి ఫండింగ్ ఇచ్చేవాళ్ళు ఈ లెక్క గుర్తుపెట్టుకోవాలి.

పేపర్లలో కనిపించని భాగం ఈ కణాలు తయారుచేసే క్లీన్ రూమ్. నాకు మాత్రం అక్కడ పని చేసేవాళ్ళ మీదే ఎక్కువ గౌరవం. లోపలికి వెళ్ళాలంటే తల నుంచి కాలి దాకా గౌన్, రెండు జతల గ్లవ్స్, చెయ్యి ఎక్కడ తగిలినా మళ్ళీ స్ప్రే. ఇక్కడ ఒక కణాల బ్యాగ్ అంటే ఒక మనిషి. మామూలు మాత్ర ఒక బ్యాచ్ పాడైతే ఇంకో బ్యాచ్ ఉంటుంది, ఇక్కడ ఆ కణాలు పాడైతే ఆ పేషెంట్‌కి మళ్ళీ రక్తం తీసే ఓపిక ఉందో లేదో ఎవరికీ తెలీదు. అందుకే ప్రతి స్టెప్‌లో ఇద్దరు నిలబడి లేబుల్ చదువుతారు, ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు సరిచూస్తారు. 2018లో వచ్చిన ఒక కేసు రిపోర్ట్ చదివితే ఇదంతా ఎందుకో తెలుస్తుంది: తయారీలో ఒకే ఒక్క లుకేమియా కణంలోకి పొరపాటున కార్ జీన్ వెళ్ళింది, అది తన సీడీ19ని తనే కప్పేసుకుని మందుకి కనపడకుండా పెరిగింది, ఆ పేషెంట్ దక్కలేదు.

వార్డులో ఇంకో చిన్న విషయం. కార్-టి ఎక్కించాక కొందరికి మెదడు మీద ప్రభావం పడుతుంది, మాట తడబడుతుంది. దాన్ని ముందే పట్టుకోవడానికి నర్సు వచ్చి ఒక వాక్యం రాయమంటుంది, వంద నుంచి పదేసి తగ్గిస్తూ లెక్కపెట్టమంటుంది. నిన్న చక్కగా ఉన్న చేతిరాత ఇవాళ వంకర్లు పోతే స్కాన్ కంటే ముందే అలారం అది. కాగితం, పెన్ను, అంతే.

ఇప్పుడు రెండోవైపు నుంచి వచ్చిన కథ. జర్మనీ ఎర్లాంగెన్‌లో గియోర్గ్ షెట్ అనే రుమటాలజిస్ట్ టీమ్, ఏ మందుకీ లొంగని లూపస్ ఉన్న 20 ఏళ్ళ అమ్మాయికి ఇవే సీడీ19 కార్-టి కణాలు ఇచ్చి 2021లో రిపోర్ట్ చేసింది. లూపస్‌లో సొంత ఒంటి మీద యాంటీబాడీలు తయారు చేసేది బి కణాలే, సీడీ19 వాటి మీద కూడా ఉంటుంది, కాబట్టి కేన్సర్ వాళ్ళ ఆయుధం అలాగే సరిపోయింది. 2022లో ఐదుగురి వివరాలు ఇచ్చారు, ఐదుగురికీ జబ్బు అదుపులోకి వచ్చింది, లూపస్ మందులు ఆపేశారు. నన్ను కదిలించింది ఆ తర్వాతి సంగతి. కొన్ని నెలలకి బి కణాలు తిరిగొచ్చాయి, కానీ కొత్తగా పుట్టినవి, పాత పగ లేనివి. వాటితో జబ్బు వెనక్కి రాలేదు.

అయితే లూపస్ పేషెంట్ రిస్క్‌ని కేన్సర్ పేషెంట్‌ని చూసే కళ్ళతో చూడకూడదని నా అభిప్రాయం. ఈ కణాలకి చోటు చెయ్యడానికి ముందు సైక్లోఫాస్ఫమైడ్, ఫ్లూడరబిన్ అనే కీమో మందులు ఇస్తారు, పిల్లలు కావాలనుకునే వయసులో ఉన్నవాళ్ళకి అది చిన్న విషయం కాదు. 2024 జనవరిలో ఎఫ్‌డీఏ కూడా కార్-టి తర్వాత అరుదుగా టి కణాల కేన్సర్ రావచ్చని లేబుల్ మీద హెచ్చరిక పెట్టమంది. వేరే దారి లేని లుకేమియాలో ఆ లెక్క వేరు, మాత్రలతో నెట్టుకొస్తున్న మనిషికి వేరు.

అందుకే రెగ్యులేటరీ టి కణాల మీద నాకు ఆశ ఎక్కువ. చంపే కణాలు కాదు, మిగతావాటిని శాంతపరిచే కణాలు. వీటిని 1995లో షిమోన్ సకగుచి చూపిస్తే, 2001లో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ వీటికి కీలకమైన ఫాక్స్‌పీ3 జీన్ పట్టుకున్నారు, ముగ్గురికీ 2025లో నోబెల్ వచ్చింది. వీటిని కూడా ఒంట్లోంచి తీసి, పెంచి, ఎర్రబడిన కీలు దగ్గరికో పాంక్రియాస్ దగ్గరికో పంపే ట్రయల్స్ నడుస్తున్నాయి. సమస్య ఏంటంటే ఇవి రక్తంలో చాలా తక్కువ ఉంటాయి, బయట పెంచేటప్పుడు కొన్ని స్వభావం మార్చుకుని దాడి చేసే కణాలైపోతాయనే భయం కూడా ఉంది.

మీ ఇంట్లో ఎవరికైనా లూపస్ కానీ మయోసైటిస్ (కండరాల వాపు జబ్బు) కానీ మందులకి లొంగకపోతే, మీ రుమటాలజిస్ట్‌ని ఇలాంటి ట్రయల్‌లో చేరే వీలుందా అని అడగండి. ట్రయల్ రిజిస్ట్రేషన్ నంబర్ అడిగి చూసుకోండి, ఎథిక్స్ కమిటీ అనుమతి కాగితం చూపించమనండి. ‘ముందు డబ్బు కట్టండి, అన్ని జబ్బులూ ఒకే ఇంజెక్షన్‌తో పోతాయి’ అనే చోటుకి మాత్రం వెళ్ళకండి.