సబ్జెక్ట్ ఇక్కడ, క్రియ ఎక్కడో: ఇంగ్లిష్‌లో రీసెర్చ్ పేపర్ రాయడంలో నా అనుభవం

నా పీహెచ్‌డీ నల్గొండ ప్రాంతపు భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ మీద. పదో తరగతి వరకు తెలుగు మీడియంలో చదివాను. ఆ తర్వాత పుస్తకాలన్నీ ఇంగ్లిష్‌లోనే ఉన్నా, పరీక్షల్లో రాసింది పాయింట్లు, సమీకరణాలే. పేరాలకు పేరాలు వరసగా రాయాల్సిన అవసరం మొదటి పేపర్‌తోనే వచ్చింది. జర్నల్ నుంచి వచ్చిన రివ్యూలో డేటా గురించి మంచి మాటలే ఉన్నాయి. వాటి కింద ఒక లైను: వాక్యాలు అర్థం చేసుకోవడం కష్టంగా ఉంది, ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లతో దిద్దించండి.

గ్రామర్ చూసే సాఫ్ట్‌వేర్‌లో పెడితే ఒకటి రెండు కామాలు మార్చమంది, అంతే. అంటే వ్యాకరణం తప్పు లేదు, అయినా చదివేవాళ్లకు కష్టంగా ఉంది. చాలామంది ఇక్కడే డబ్బులిచ్చి ఎడిటింగ్ చేయించుకుంటారు. దాన్ని నేను తప్పుపట్టను. కానీ తర్వాతి చాప్టర్ దగ్గర మళ్లీ ఇదే టెన్షన్ ఉంటుంది. పైగా నేను రాస్తున్నది మర్రిగూడ, మునుగోడు వైపు ఊళ్లలో జనం తాగే నీళ్ల గురించి. ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు గారపట్టిన పిల్లల్ని, నడుం వంగిపోయిన పెద్దల్ని చూసి వచ్చాను. ఆ నీళ్లలో ఏముందో చదివినవాళ్లకు తెలియకపోతే ఆ పేపర్ ఎందుకు?

మా గైడ్ మేడమ్ ప్రింటవుట్ తెమ్మన్నారు. తప్పులేవీ దిద్దలేదు. ప్రతి వాక్యంలో సబ్జెక్ట్ కింద ఒక గీత, దాని క్రియ కింద ఒక గీత గీస్తూ పోయారు. ఒక వాక్యం దగ్గర ఆగారు.

"ది గ్రౌండ్‌వాటర్ శాంపిల్స్ విచ్ వర్ కలెక్టెడ్ ఫ్రమ్ ది బోర్‌వెల్స్ లొకేటెడ్ ఇన్ ది గ్రానైటిక్ టెరైన్ ఆఫ్ ది స్టడీ ఏరియా డ్యూరింగ్ ప్రీ-మాన్సూన్ అండ్ పోస్ట్-మాన్సూన్ సీజన్స్ అండ్ అనలైజ్డ్ బై అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్ మెథడ్ షోడ్ హై ఫ్లోరైడ్."

"చూడమ్మా, శాంపిల్స్ దగ్గర మొదలుపెట్టావు. ఆ శాంపిల్స్‌కి ఏమైందో తెలియడానికి షోడ్ దాకా రావాలి. మధ్యలో ఎన్ని మాటలున్నాయో లెక్కపెట్టు."

లెక్కపెట్టాను. 27 ఉన్నాయి.

ఆ రాత్రి అదే వాక్యాన్ని తెలుగులో రాసి చూసుకున్నాను. "గ్రానైట్ నేలల్లోని బోర్ల నుంచి వానలకు ముందూ తర్వాతా సేకరించి, ఎలక్ట్రోడ్‌తో పరీక్షించిన నీటి నమూనాల్లో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉంది." చదవడానికి ఏ ఇబ్బందీ లేదు. అప్పుడు నాకు అసలు సంగతి తెలిసింది. తెలుగులో వివరాలన్నీ నామవాచకానికి ముందే వచ్చేస్తాయి. ఎక్కడి బోర్లు, ఎప్పుడు తీశారు, ఎలా పరీక్షించారు, అన్నీ అయిపోయాక నమూనాలు వస్తాయి, ఆ తర్వాత రెండు మూడు మాటల్లోనే క్రియ వస్తుంది. రెంటికీ మధ్య పెద్ద దూరం ఉండదు. ఇంగ్లిష్‌లో ఆ వివరాలే "విచ్" పెట్టుకుని నామవాచకం తర్వాత వస్తాయి. దాంతో ఆ మూటంతా సరిగ్గా సబ్జెక్ట్‌కీ క్రియకీ మధ్య పడుతుంది. నా ఇంగ్లిష్ వ్యాకరణం బాగానే ఉంది, కూర్పు మాత్రం తెలుగుది.

ఇది తెలిశాక దిద్దడం ఒక పద్ధతిలోకి వచ్చింది. పై వాక్యం మూడు ముక్కలైంది. "వుయ్ కలెక్టెడ్ గ్రౌండ్‌వాటర్ ఫ్రమ్ బోర్‌వెల్స్ ఇన్ ది గ్రానైటిక్ టెరైన్ బిఫోర్ అండ్ ఆఫ్టర్ ది మాన్సూన్." ఇక్కడ క్రియ రెండో మాటలోనే వచ్చేసింది. "ఫ్లోరైడ్ వాజ్ మెజర్డ్ విత్ యాన్ అయాన్-సెలెక్టివ్ ఎలక్ట్రోడ్." ఈ రెండూ మెథడ్స్ భాగంలోకి వెళ్లాయి, వాటి చోటు అదే. రిజల్ట్స్‌లో మిగిలింది "షోడ్ హై ఫ్లోరైడ్" ఒక్కటే. అది ఒంటరిగా నిలబడ్డాక దానిలో పస లేదని తెలిసిపోయింది. హై అంటే ఎంత? తాగునీటికి మన భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 1.0 మిల్లీగ్రాము వరకు ఉండొచ్చు, వేరే నీటి వనరు లేని చోట 1.5 వరకు అనుమతిస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక విలువ కూడా 1.5. కాబట్టి ఎన్ని శాంపిల్స్ 1.5 దాటాయో చెప్పే వాక్యం రాశాను. పొడుగు వాక్యంలో "హై" అనే మాట వెనక ఆ అంకె కనపడకుండా పోయింది.

మన "చేసి, కడిగి, కలిపి" అలవాటు ఇంకో తంటా. తెలుగులో "బఫర్ కలిపి, ఎలక్ట్రోడ్ ముంచి, రీడింగ్ తీసుకున్నాం" అంటే ఎవరు కలిపారో ఎవరు ముంచారో చెప్పక్కర్లేదు. ఆ బఫర్ ద్రావణం పేరు టీసాబ్. దాన్నే "ఆఫ్టర్ యాడింగ్ టీసాబ్, ది ఎలక్ట్రోడ్ వాజ్ డిప్డ్" అని రాస్తే, బఫర్ కలిపింది ఎలక్ట్రోడే అన్నట్టు అవుతుంది. "టీసాబ్ వాజ్ యాడెడ్ టు ఈచ్ శాంపిల్ బిఫోర్ ది రీడింగ్" అని రాస్తే గొడవ లేదు. టీసాబ్ ఎందుకు కలుపుతామో కూడా పక్క వాక్యంలో చెప్పడానికి చోటు దొరికింది. అది పీహెచ్‌ని 5 నుంచి 5.5 మధ్య నిలుపుతుంది, అల్యూమినియం, ఇనుములతో కట్టుబడి ఉన్న ఫ్లోరైడ్‌ను విడిపిస్తుంది.

"ఆల్దో" తర్వాత "బట్", "సిన్స్" తర్వాత "సో" లాంటివి చాలానే ఉన్నాయి. అవి వెతికి తీసేస్తే పోతాయి. "యాన్ ఇన్వెస్టిగేషన్ వాజ్ క్యారీడ్ అవుట్ ఆన్ ది ఎస్టిమేషన్ ఆఫ్" అనేది "వుయ్ మెజర్డ్" అయింది.

పర్యాయపదాల సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం థీసిస్‌లో ఇతరుల రచనలతో పోలిక 10 శాతం లోపు ఉంటే శిక్ష ఉండదు. ఆ అంకె కోసం మా ల్యాబుల్లో చాలామంది మాటలు మారుస్తారు. ఒక చోట గ్రౌండ్‌వాటర్, ఇంకో చోట సబ్‌సర్ఫేస్ వాటర్. ఒక చోట కాన్సన్‌ట్రేషన్, ఇంకో చోట అమౌంట్, మరో చోట లెవెల్. ఒకే మాట మళ్లీ మళ్లీ వాడకూడదని స్కూల్లో చెప్పిన పాఠం కూడా దీనికి తోడు. సైన్స్‌లో మాట మారితే చదివేవారు వస్తువే మారిందనుకుంటారు. ఒక వస్తువుకు ఒకే పేరు అని పెట్టుకుని పేపరంతా దాన్నే వాడాను. పోలిక తగ్గాలంటే మాటలు మార్చడం కాదు, మూల వ్యాసం మూసేసి మనకు అర్థమైంది మన వాక్యంలో రాయాలి. నా అనుభవంలో పనిచేసింది అదొక్కటే.

జార్జ్ గోపెన్, జూడిత్ స్వాన్ 1990లో అమెరికన్ సైంటిస్ట్ పత్రికలో రాసిన వ్యాసాన్ని మేడమే ఇచ్చారు. సబ్జెక్ట్ తర్వాత క్రియ త్వరగా రావాలని అందులోనూ ఉంది. దానికంటే నాకు ఎక్కువ పనికొచ్చింది ఇంకోటి: పాఠకుడికి తెలిసిన సంగతి వాక్యం మొదట్లో, కొత్త సంగతి చివర్లో రావాలి. నిజానికి మాట్లాడేటప్పుడు మనం చేసేది ఇదే. "మా ఊళ్లో ఒక బోరు ఉంది. ఆ బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి." ముందు చెప్పినదాన్ని పట్టుకునే తర్వాతది మొదలుపెడతాం. పేపర్లో మాత్రం ఎందుకో మర్చిపోతాం.

డిస్కషన్ అంతా ఈ వరసలో మళ్లీ కట్టాను. గ్రానైట్‌లో ఫ్లోరైట్, బయోటైట్, అపటైట్ లాంటి ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలుంటాయి. ఈ ఖనిజాలు నీళ్లలో నెమ్మదిగా కరుగుతాయి. కరిగిన ఫ్లోరైడ్ ఎంతవరకు నీళ్లలో నిలుస్తుందన్నది కాల్షియం మీద ఆధారపడుతుంది. ఆ కాల్షియం కాల్సైట్‌గా (కాల్షియం కార్బొనేట్) పేరుకుపోతే, కాల్షియం ఫ్లోరైడే అయిన ఫ్లోరైట్ ఇంకా కరగడానికి వీలు దొరుకుతుంది. ప్రతి వాక్యం ముందుదాని తోక పట్టుకుని వస్తోంది. మధ్యలో "మోరోవర్", "ఫర్దర్‌మోర్" ఒక్కటి కూడా అవసరం పడలేదు.

ఇలా కడుతూ పోతే ఒక వాక్యం ఎటూ ఇమడలేదు. "హై ఫ్లోరైడ్ ఈజ్ డ్యూ టు లో కాల్షియం." మేడమ్ అడిగారు, "ఎవరు ఎవర్ని ఏం చేస్తున్నారమ్మా ఇందులో?" అని. నా దగ్గరున్నది కోరిలేషన్ టేబుల్. కాల్షియం తక్కువున్న చోట ఫ్లోరైడ్ ఎక్కువుంది, అంతవరకే అది చెబుతుంది. "డ్యూ టు" అనే రెండు మాటలతో కారణాన్ని తేల్చేసినట్టు రాశాను. సరైన క్రియ పెట్టాలంటే ముందు ఏం రుజువైందో చూసుకోవాలి. అమెరికా జియలాజికల్ సర్వే వాళ్ల ఫ్రీక్‌సీ (PHREEQC) అనే ఉచిత ప్రోగ్రామ్‌లో కాల్సైట్, ఫ్లోరైట్ సంతృప్త సూచికలు, అంటే ఆ ఖనిజం నీళ్లలో ఇంకా కరగగలదో లేదో చెప్పే అంకెలు, లెక్కగట్టాను. చాలా శాంపిల్స్‌లో నీళ్లు కాల్సైట్‌తో సంతృప్తమై, ఫ్లోరైట్‌తో ఇంకా సంతృప్తం కాకుండా ఉన్నాయి. అప్పుడు "కాల్సైట్ ప్రెసిపిటేషన్ రిమూవ్స్ కాల్షియం" అని ధైర్యంగా రాయగలిగాను. క్రియ కోసం వెతుకుతూ పోయి ఒక టేబుల్‌ని, ఒక బొమ్మని పేపర్‌కి చేర్చాను. వాక్య నిర్మాణం అంటే పైపై నగిషీ అనుకునేవాళ్లకు నేను చెప్పేది ఈ సంగతే.

రోజూ చేసిన అభ్యాసం చిన్నదే. ఒక పేరా తీసుకుని పెన్సిల్‌తో సబ్జెక్ట్, క్రియ గీతలు గీసేదాన్ని. రెండు గీతలు దూరంగా ఉన్నచోట వాక్యం విరిచేదాన్ని. తేలకపోతే ల్యాబ్‌లో జూనియర్ అమ్మాయిని కూర్చోబెట్టుకునేదాన్ని. "అక్కా, చదవకు, చెప్పు. ఏం కనుక్కున్నావు?" అనేది. "వానలు పడ్డాక కొన్ని బోర్లలో ఫ్లోరైడ్ తగ్గలేదు, పెరిగింది" అని తెలుగులో నోటికి వచ్చిన ఆ మాటే పేరాకు మొదటి వాక్యం అయ్యేది. అన్ని వాక్యాలూ పొట్టిగా చేసినా చదవడానికి విసుగే. క్రియ ముందు వచ్చేస్తే వెనక ఎంత పొడుగున్నా ఇంగ్లిష్ వాక్యం భరిస్తుందని కొన్నాళ్లకు చెవికి తెలిసింది. "ది" ఎక్కడ పెట్టాలో మాత్రం ఇప్పటికీ పూర్తిగా పట్టుబడలేదు. చివర్లో దాని కోసమే పేపరంతా ఇంకోసారి చదువుతాను.

దిద్దిన పేపర్ పంపాక రెండో రౌండ్ రివ్యూలో ఇంగ్లిష్ ఊసే లేదు. ప్రశ్నలు మాత్రం పెరిగాయి. కాల్షియం తగ్గడానికి కాల్సైట్ ఒక్కటే కారణమా, బంకమట్టి ఖనిజాల మీద కాల్షియం, సోడియం స్థానాలు మార్చుకోవడం వల్ల కూడా తగ్గి ఉండొచ్చు కదా, దాన్ని ఎందుకు లెక్కలోకి తీసుకోలేదు అని అడిగారు. మంచి ప్రశ్న. మొదటిసారి నా వాదనే వాళ్లకు కనపడలేదు, ఇక దాని మీద ప్రశ్న ఎలా వస్తుంది? ఈ స్థానాల మార్పిడిని (అయాన్ మార్పిడి అంటారు) పట్టిచ్చే క్లోరో-ఆల్కలైన్ సూచికలు లెక్కగట్టి, దానికి కూడా పాత్ర ఉందని ఒప్పుకుంటూ ఒక పేరా చేర్చి పంపాను. పేపర్ యాక్సెప్ట్ అయింది.